చార్జర్ పీకితే నెట్ నసిగే ల్యాప్‌టాప్

నిజాంసాగర్ కాలువ కింద ఊళ్లలో కరెంటు పోవడం వింతేమీ కాదు. నాకు వింతగా తోచింది మా ల్యాప్‌టాప్ తీరు. కరెంటు పోయినా రౌటర్ ఇన్వర్టర్ మీద నడుస్తుంది, ఫోన్లో వీడియో ఆగదు. లినక్స్ వేసుకున్న ల్యాప్‌టాప్‌లో మాత్రం పేజీ తెరుచుకోదు. రౌటర్ తప్పేమీ లేదని ఫోనే సాక్ష్యం చెప్పింది. కరెంటున్న వేళ చార్జర్ పీకి చూశాను, అదే నసుగుడు. ఆ ఆనవాలు పట్టుకుని వెతికితే టీఎల్‌పీ అనే పనిముట్టు దగ్గర తేలాను. దాని పనితనం చూశాక నలుగురికీ చెప్పాలనిపించింది.

టీఎల్‌పీ బ్యాటరీ ఆదా కోసం థామస్ కోహ్ రాసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. చార్జర్ పెట్టినా తీసినా లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ నుంచి, పరికరాల కబుర్లు మోసే యూడెవ్ ద్వారా కబురు అందుకుని సెట్టింగులు మార్చేస్తుంది. మామూలుగా వైఫై పవర్ సేవ్‌ను చార్జర్ మీద ఆఫ్‌లో, బ్యాటరీ మీద ఆన్‌లో ఉంచుతుంది.

పవర్ సేవ్ అంటే వైఫై చిప్పు వంతు చూసుకుని లేవడం. రౌటర్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకోసారి బీకన్ పంపుతుంది. అదొక చాటింపు. ఎవరి పేరు మీద డేటా ఆగి ఉందో అందులో ఉంటుంది. చిప్పు ఆ వేళకు లేచి, తనకేమైనా ఉంటే అడిగి తీసుకుని, లేకుంటే మళ్లీ కునుకు తీస్తుంది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుంచి ‘ఆన్ అండ్ ఆఫ్’ పద్ధతిలో నీళ్లు వదిలినప్పుడు మా రైతులు చేసేదీ ఇదే. వంతుకు లేవకపోతే మడి తడవదు. కొన్ని చిప్పులు, వాటి డ్రైవర్లు ఇలాగే వేళ తప్పుతాయి. అప్పుడు సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, నెట్ మాత్రం కదలదు.

నన్ను కట్టిపడేసింది టీఎల్‌పీ సెట్టింగుల ఫైలు. వైఫైకి రెండు వరుసలు, చార్జర్‌కు ఒకటి, బ్యాటరీకి ఒకటి. ఏ వరుస ఏం చేస్తుందో పైనే మామూలు మాటల్లో రాసి ఉంటుంది. అసలు ఫైలును ముట్టుకోకుండా మన మార్పులను టీఎల్‌పీ.డి అనే ఫోల్డర్‌లో విడిగా పెట్టుకోవచ్చు. టీఎల్‌పీ-స్టాట్ అనే ఆదేశం దేన్నీ మార్చదు, ఉన్న స్థితిని చూపి ఊరుకుంటుంది. తర్వాత ఎవరో అర్ధరాత్రి ఈ ఫైలు తెరిచి తల పట్టుకుంటారని ముందే ఊహించి రాసిన చేయి ఇది.

ముందు ఐడబ్ల్యూ ఆదేశంతో పవర్ సేవ్‌ను తాత్కాలికంగా ఆపాను. నెట్ కుదుటపడింది. ఆ తర్వాతే బ్యాటరీ వరుసలో ‘ఆన్’ తీసి ‘ఆఫ్’ రాశాను. లినక్స్‌లో నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌లోనూ ఇలాంటి మీట వేరే ఉంది. అక్కడ 2 అంటే ఆపు, 3 అంటే నడుపు. రెండు చోట్లా ఒకే మాట ఉండాలి, లేకుంటే ఒకటి కట్టిన ముడిని మరొకటి విప్పుతుంది.

బ్యాటరీ కాస్త ముందుగా అయిపోతుంది, ఆ మాత్రం ఖర్చు నాకు సమ్మతమే. మీ ల్యాప్‌టాప్‌దీ ఇదే వరసైతే, వైఫై కార్డు మార్పించడానికి డబ్బు తీసే ముందు ఒక్కసారి చార్జర్ పీకి చూడండి.