అనుమతి దొరికిన మాతృభాష: 1943 నాటి రెండు తగాలోగ్ కథలు

ఫిలిప్పీన్స్ యుద్ధకాల సాహిత్యం అనగానే గెరిల్లా పోరాటాలు, అడవి దారులు, తగలబడిన ఊళ్లు మనసులో మెదులుతాయి. అలాంటి రచనలు ఉన్నాయి. స్టీవన్ హవెల్యానా ఇంగ్లీషులో రాసిన ప్రసిద్ధ నవల వాటిలో ఒకటి. కానీ అది వెలువడింది 1947లో, అంటే యుద్ధం ముగిసిన తరువాత. జపాన్ సైన్యం దేశంలో ఉండగానే, దాని సెన్సార్ చూసి వదిలిన కథల మాటేమిటి? వాటిలో దేశభక్తిని ఎక్కడ వెతకాలి? ఈ భాగంలో అటువంటి రెండు కథలను పరిశీలిద్దాం.

ముందుగా నేపథ్యం. 1942 జనవరి 2న జపాన్ సేనలు మనీలాలో ప్రవేశించాయి. అంతకుముందు నాలుగు దశాబ్దాల అమెరికా పాలనలో బడి, కచేరీ, పత్రిక అన్నీ ఇంగ్లీషుకు అలవాటు పడ్డాయి. చదువుకున్న యువ రచయితలు చాలామంది ఇంగ్లీషులోనే కథలు రాసేవారు. కొత్త పాలకులు ఇంగ్లీషును పక్కకు నెట్టి, జపనీస్‌తో పాటు తగాలోగ్‌ను ప్రోత్సహించారు. 1922 నుంచి నడుస్తున్న తగాలోగ్ వారపత్రిక 'లివాయ్‌వాయ్' జపాన్ పర్యవేక్షణలో కొనసాగింది. (ఈ మాటకు వేకువ అని అర్థం. మనం చదవబోయే రచయిత్రి పేరు కూడా లివాయ్‌వాయే కాబట్టి పొరబడకండి.)

ఇక్కడ ఒక వ్యాఖ్య మీకు తరచు ఎదురవుతుంది: తగాలోగ్‌కు ప్రాణం పోసింది జపాన్ వారేనని. ఇది సగం నిజం కూడా కాదని నా అభిప్రాయం. జాతీయ భాషకు తగాలోగ్‌ను ఆధారంగా తీసుకోవాలని 1937లోనే అధ్యక్షుడు మాన్యుయెల్ కెసోన్ ప్రకటించాడు. జపాన్ పాలకులు కొత్తగా చేసింది పోటీని తీసేయడం. పైగా సెబువానో, ఇలోకానో మాట్లాడే లక్షలాది మందికి తగాలోగ్ మాతృభాషే కాదు. 'స్వదేశీ భాష' అన్న మాటలో ఆ మనుషులు ఎక్కడున్నారో ఆక్రమణదారు అడగలేదు. నిజానికి కెసోన్ కాలంలోనూ ఆ ప్రశ్నను గట్టిగా పట్టించుకున్నవారు తక్కువే.

1943లో తగాలోగ్ కథల పోటీ జరిగింది. నార్సిసో రేయెస్ రాసిన 'లుపాంగ్ తినుబువాన్'కు మొదటి బహుమతి, లివాయ్‌వాయ్ అర్సెయో రాసిన 'ఉహావ్ ఆంగ్ తిగాంగ్ నా లుపా'కు రెండో బహుమతి వచ్చాయి. మూడోది ఎన్.వి.ఎం. గొంజాలెజ్ కథ. ఆయన ప్రధానంగా ఇంగ్లీషు రచయిత, యుద్ధం తరువాత కూడా ఇంగ్లీషులోనే పేరు పొందాడు. మొదటి రెండు కథల పేర్లలోనూ 'లుపా' అనే మాట ఉండడం గమనించండి. 'లుపా' అంటే నేల. మొదటిది మనిషి మొలకెత్తిన నేల. రెండోది దాహంతో ఉన్న బీడు నేల.

రేయెస్ కథలో డాన్‌డింగ్ అనే నగరపు కుర్రాడు బంధువుల ఇంట చావుకు రైలెక్కి తండ్రి పుట్టిన పల్లెకు వెళతాడు. ఎన్నడూ చూడని చుట్టాలు అతన్ని తమవాడిగా కలుపుకుంటారు. తండ్రి బాల్యం గురించి వింటాడు. పుస్తకాల్లో చదివిన స్వదేశం అన్న మాట అతనికి ఆ పొలాల్లో, ఆ మట్టిలో తగులుతుంది. కథ హాయిగా సాగుతుంది. యుద్ధం ముందువరుసలోకి రాదు. మరి సెన్సార్ దీన్ని ఎందుకు వదిలింది? అమెరికా మోజు వదిలి మీ మూలాలకు తిరిగి వెళ్లండి అన్నది జపాన్ ప్రచారానికి కూడా పనికివచ్చే మాటే. ఫిలిప్పీన్ పాఠకుడు మాత్రం ఆ నేల ఇప్పుడు ఎవరి బూట్ల కింద ఉందో తెలిసే చదివాడు. ఒకే వాక్యం ఇద్దరికీ సరిపోయింది. దీన్ని రచయిత నేర్పు అనేవారున్నారు. నాకైతే ఇది కథ బలమూ బలహీనతా రెండూ అనిపిస్తుంది. మట్టి మీద ప్రేమ ఎంత నిజమైనదైనా, ఆ మట్టి ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఈ కథ ఆగిపోతుంది. ఆగక తప్పని కాలమది. (రేయెస్ తరువాత దౌత్యవేత్త అయ్యాడు, 1980లో ఆసియాన్ ప్రధాన కార్యదర్శి కూడా అయ్యాడు.)

అర్సెయో కథ ఇల్లు దాటదు. కూతురు చెబుతుంది. అమ్మానాన్నల మధ్య గొడవల్లేవు, మాటలూ లేవు. నాన్న మనసులో మరో స్త్రీ ఉందని పాత ఉత్తరాల ద్వారా తెలుస్తుంది. చివరికి ఆయన మరణశయ్య మీద మైకంలో భార్యను ఆ స్త్రీ అనుకుని మాట్లాడతాడు. భార్య అతన్ని సరిదిద్దదు. ఆ స్త్రీ అయినట్టే జవాబు చెబుతుంది.

ఆ ఇంటి మౌనం దేశపు మౌనానికి ప్రతీక అని మీ జవాబుపత్రంలో రాసేయడం తేలిక. తొందరపడకండి. కథలో అందుకు ఒక్క సూచన కూడా లేదు. నాకు ఇది రేయెస్ కథ కన్నా మేలైన కథగా తోచడానికి కారణం కూడా అదే: పాలకులు వాడుకోదగింది ఇందులో ఏమీ లేదు. వాళ్లు తెరిచిన భాషలోనే ఒక యువతి వాళ్ల ప్రసక్తి లేని లోకాన్ని నిలబెట్టింది.

అయితే రెండు కథల్లోనూ లేనిది ఒకటుంది. అదే 1943 ఏప్రిల్‌లో పంపాంగాలో పదిహేనేళ్ల మరియా రోసా హెన్సన్‌ను జపాన్ సైనికులు పట్టుకుపోయారు. ఆమె అప్పటికి జపాన్‌ను ఎదిరించే హుక్బలహాప్ దళాలకు సాయం చేస్తోంది. నెలల తరబడి సైనికుల లైంగిక బానిసగా ఉంది. ఆ సంగతి ఆమె బహిరంగంగా చెప్పింది 1992లో. ఆత్మకథ 1996లో వచ్చింది. అనుమతి దొరికిన భాషలో ఈ అనుభవానికి చోటు లేకపోవడంలో వింతలేదు. సెన్సార్ పోయాక కూడా దాదాపు యాభై ఏళ్లు చోటు లేకపోవడమే ఆలోచించవలసింది. యుద్ధానంతర చర్చ అంతా ఎవరు ద్రోహి, ఎవరు దేశభక్తుడు అన్నదాని చుట్టూ తిరిగింది. జపాన్ నీడలో 1943 అక్టోబరులో ఏర్పడిన రిపబ్లిక్‌కు అధ్యక్షుడైన హోసే లారెల్ మీద రాజద్రోహ నేరం మోపారు. 1948లో రోహాస్ క్షమాభిక్షతో ఆ కథ ముగిసింది. ఆ వాదనలో జాతి అంటే ప్రధానంగా నాయకులే.

నేటి ఫిలిప్పీన్స్‌లోనూ ఈ ప్రశ్నలు చల్లారలేదు. 1987 రాజ్యాంగం 'ఫిలిపినో'ను జాతీయ భాషగా గుర్తించింది. కానీ కళాశాల స్థాయిలో ఆ భాషనూ సాహిత్యాన్నీ తప్పనిసరి పాఠ్యాంశాల నుంచి తొలగించిన 2013 నాటి ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఈసారి ఆ భాషను పక్కకు నెట్టింది పరాయి సైన్యం కాదు. 2017 డిసెంబరులో మనీలాలోని రోహాస్ బులవార్డ్‌లో హెన్సన్ వంటి స్త్రీల స్మృతికి కళ్లకు గంతలు కట్టిన ఒక స్త్రీ కంచు విగ్రహాన్ని నిలిపారు. జపాన్ ప్రభుత్వం అసంతృప్తి తెలిపింది. 2018 ఏప్రిల్‌లో ఒక రాత్రి విగ్రహాన్ని తీసేశారు. డ్రైనేజీ పనుల కోసమని చెప్పారు.

ఇప్పుడు అర్సెయో కథలోని మరణశయ్య ఘట్టాన్ని మరోసారి చదవండి. ఆ తల్లి ఎవరి పేరున మాట్లాడుతోందో, తన పేరున ఎన్ని మాటలు అన్నదో లెక్కపెట్టండి.