గంజి పెట్టిన దయ్యాలు

అట్టపెట్టెలో తల దూర్చి మా చిన్నోడు "అమ్మా, లోపల చీకటిగా ఉంది" అన్నాడు. గొంతులో భయం లేదు. కొత్తింట్లో గదులు చూసుకునేవాడి సంబరం ఉంది. మూడున్నరేళ్ల వాడికి ఈ ఏడు హాలోవీన్‌కి చెత్త లారీ కావాలని ఉంది. లారీ నడిపేవాడు కాదు, లారీయే. మంగళవారం పొద్దున్నే కిటికీకి అతుక్కుని, డబ్బాను ఎత్తి ఒంపుకునే ఆ ఇనపచెయ్యిని చూసి చప్పట్లు కొట్టేవాడికి లోకంలో అంతకన్నా గొప్ప అవతారం కనపడలేదు. దుకాణంలో వరసగా వేలాడే సంచుల్లో సూపర్‌హీరోలున్నారు, రాకుమార్తెలున్నారు, రాక్షసబల్లులున్నాయి. చెత్త లారీ లేదు. లేకపోవడం మా అదృష్టం. అందుకే అటక మీంచి అట్టపెట్టె దిగింది, కత్తెర వచ్చింది, టేపు చుట్ట వచ్చింది. అక్టోబరు మా నట్టింట్లో చాప పరుచుకుని కూర్చుంది.

ఓ అక్టోబరూ, నీకు దణ్ణం. షికాగోకి పడమట, ఈ నేపర్‌విల్ వీధుల్లో మేపుల్ చెట్లకు పసుపూ కుంకుమా పూసేదానివి నువ్వు. చలి ఇంకా ఒంటి మీదకు రాదు, గుమ్మం దాకా వచ్చి తొంగిచూస్తుంది. ఏడింటికల్లా చీకటి. ఆ చీకటిని పిల్లలకు పరిచయం చేసే పండగ నీ చివరిరోజుకు పెట్టావు. చీకటి అంటే ఇదీ, దయ్యం అంటే ఇదీ, కావాలంటే ముట్టుకుని చూడండి అని.

మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి వచ్చింది. వచ్చిన వారానికే మెట్ల మీద గుమ్మడికాయ చూసి ఆగిపోయింది. "మీ ఊళ్లోనూ గుమ్మానికి గుమ్మడికాయ కడతారటే?" అంది. కట్టరు, కింద పెడతారు. మన దగ్గర బూడిద గుమ్మడికాయను ఉట్టిలో పెట్టి గుమ్మానికి వేలాడదీస్తే, ఇక్కడ పండు గుమ్మడికి కళ్లూ కోరలూ కోసి లోపల దీపం పెడతారు. చెడును వాకిట్లోనే నిలబెట్టాలనే ఆశ మాత్రం రెండు గుమ్మాలదీ ఒకటే. ఐర్లండు, స్కాట్లండు జనం మొదట్లో టర్నిప్ దుంపల్ని తొలిచి దీపాలు చేసేవారు. నవంబరు ఒకటి పుణ్యపురుషుల పండగ, దాని ముందటి రాత్రి చనిపోయినవాళ్లు తిరుగుతారని వాళ్ల నమ్మకం. టర్నిప్ ఎంత గట్టిదో కత్తి పెట్టినవాళ్లకు తెలుస్తుంది. అలాంటి దీపం నమూనా ఒకటి ఐర్లండ్ జాతీయ మ్యూజియంలో ఉంది. పిడికెడంత ముఖం, ముడతలు, లోతైన కళ్లు. దాని ఫొటో చూస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. సముద్రం దాటి వచ్చినవాళ్లకు ఇక్కడి నేల గుమ్మడికాయ ఇచ్చింది. పెద్దది, మెత్తనిది, పిల్లల చేతికి లొంగేది. వలస వచ్చినవాళ్లం కాబట్టి నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. తెచ్చుకున్న పండగకు దొరికిన కాయ.

మా ఇలినాయ్ గుమ్మడికి పుట్టిల్లు లాంటిది. అమెరికాలో మరే రాష్ట్రమూ ఇంత పండించదు. మోర్టన్ అనే ఊరు తనను తాను ప్రపంచ గుమ్మడి రాజధానినని చెప్పుకుంటుంది. అయినా మా పిల్లలకు ఆ గొప్పలేవీ పట్టవు. వాళ్లకు కావలసింది లోపలి గుజ్జు. మూత ఏటవాలుగా కోయాలి, నిటారుగా కోస్తే లోపలికి జారిపోతుంది. కోత నాది. తోడటం వాళ్లది. ఆరేళ్ల మా పెద్దది మోచేతి దాకా చెయ్యి దూర్చి, పీచు పట్టి లాగి, "అమ్మమ్మా, దీనికి జుట్టుంది!" అని అరిచింది. అమ్మ ఆ పీచులోంచి గింజ ఒక్కటీ పోనివ్వలేదు. కడిగి, ఆరబెట్టి, ఉప్పూ కారం పట్టించి వేయించింది. ఈ చెక్కే రకం గుమ్మడి నీళ్లబారుది, దప్పళానికి పనికిరాదని ముక్క నోట్లో వేసుకోగానే చెప్పేసింది. లోపల నిప్పు పెట్టలేదు. చిన్న బ్యాటరీ దీపం పెట్టాం. పొడుగు రెక్కలు తొడుక్కున్న పిల్లలు తిరిగే చోట మంట ఉండకూడదు, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇక దయ్యాలు. అమ్మ ఉండగా మా ఇంట్లో అన్నం కుక్కర్‌లో వండటం లేదు, వారుస్తోంది. వార్చిన గంజిని ఒకరోజు మళ్లీ పొయ్యి మీద పెట్టి, గరిటె నిలబడేంత చిక్కగా కాచింది. సీసా మీద బెలూన్ కూర్చోబెట్టాం. పనీర్ వడకట్టే పల్చటి గుడ్డను గంజిలో ముంచి, పిండి, ఆ బెలూన్ మీద కప్పాం. అంచులు కింద దాకా జారి కుచ్చిళ్లలా పడ్డాయి. కుచ్చిళ్లు సర్దటం అమ్మకు ఎవరు నేర్పాలి? వేలి కొసలతో ఒక్కో మడతా విడదీసి నిలబెట్టింది. ఇల్లంతా తడి గంజి వాసన. చిన్నప్పుడు తెనాలిలో పెరటి తీగ మీద నేత చీరలు ఆరేసిన పొద్దుటి వాసన. తెల్లారేసరికి గుడ్డ పెళపెళలాడుతోంది. పెద్దది సూది గుచ్చి బెలూన్ పగలగొట్టింది. ఠప్పుమంది. లోపల ఏమీ లేదు, అయినా దయ్యం నిలబడే ఉంది. పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. చిన్నోడు మెల్లగా వేలు పెట్టి పొడిచాడు. వంగలేదు. "గట్టిగా ఉంది" అన్నాడు, దయ్యం తరఫున గర్వపడుతూ. నల్ల కాగితంతో రెండు కళ్లు అంటించాడు. ఒకటి పైకి, ఒకటి కిందికి. సరిచేయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి పట్టుకోవడం గురించే నేను చెప్పాలనుకుంటున్నది. పెద్దవాళ్లకు అందం తెలుసు, కొలత తెలుసు, కళ్లు ఎక్కడుండాలో తెలుసు. కానీ ఆ దయ్యం చూడవలసింది పెద్దవాళ్ల చూపుతో కాదు. వంకర కన్ను పెట్టిన వేలు ఎవరిదో, ఆ దయ్యం వాడిది. తను పుట్టించిన దయ్యానికి పిల్లవాడు భయపడడు, దాన్ని సాకుతాడు.

పెద్దదానికి గుడ్లగూబ కావాలి. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఎందుకమ్మా, నెమలి అవ్వొచ్చుగా?" అని మెల్లగా అడిగింది. ఇంటి మీద గుడ్లగూబ వాలితే అరిష్టమని విన్న ఊరు కదా ఆమెది. "నెమలి రాత్రి చూడలేదు అమ్మమ్మా. గుడ్లగూబ చూస్తుంది" అంది పిల్ల. ఆ మాటతో అమ్మ పెట్టె తెరిచింది. పేరంటాలకు తాంబూలంలో వచ్చిన జాకెట్ ముక్కలు, ఎవరూ కుట్టించుకోనివి, నాకిచ్చి పోదామని తెచ్చిన మూట. చిలకపచ్చ, మెంతిరంగు, ఇటికరంగు, నీలం, బూడిద. వాటిని ఈక ఆకారంలో, అరచేతి పొడవున, కింద గుండ్రంగా కత్తిరించాం. మూడు సాయంత్రాలు పట్టింది. ఒక పాత దుప్పటి ముక్క మీద వరసలు కుట్టాలి. నేను పైనుంచి మొదలుపెట్టాను. అమ్మ విప్పించింది. "పెంకుటిల్లు కప్పటం చూళ్లేదూ? కింది వరస ముందు. దాని మీద పై వరస సగం ఎక్కాలి. లేకపోతే కుట్లన్నీ బయటపడతాయి." తాతయ్య ఇంటి కప్పు మనవరాలి భుజాల మీదికి అలా దిగింది. చేతులు చాచి ఊపితే అయిదారు రంగులు ఒకదాని కింద ఒకటి కదిలాయి. ఏ అత్తయ్య ఏ శ్రావణమాసంలో ఏ ముక్క పెట్టిందో అమ్మ చెబుతూనే ఉంది. పిల్ల రెక్క తిప్పి చూసుకుంటూ, "ఇది ఎవరు? ఇది ఎవరు?" అని అడుగుతూనే ఉంది. సూదీ దారం కనిపెట్టినవాళ్లకు దణ్ణం. తాంబూలం కనిపెట్టినవాళ్లకు దణ్ణం.

ఈ చేతిపనికి ఇక్కడా పెద్ద చరిత్రే ఉంది. మసాచుసెట్స్‌లోని డెనిసన్ కంపెనీ 1909లో 'బోగీ బుక్' అనే చిన్న పుస్తకం వేసింది. తమ ముడతల కాగితంతో హాలోవీన్ వేషాలూ తోరణాలూ ఎలా చేసుకోవాలో అందులో బొమ్మలతో సహా చూపించింది. తర్వాత ప్లాస్టిక్ ముఖాల పెట్టెలు వచ్చాయి, ఇప్పుడు సంచులు. కొనుక్కున్నవాళ్లను నేను తప్పుపట్టను. రెండు ఉద్యోగాలు చేసే ఇంట్లో మూడు సాయంత్రాలంటే మాటలు కాదు. అయినా హార్పర్ లీ 1960 నాటి నవలలో, హామ్ మాంసపు ముక్క వేషం వేసుకున్న చిన్నపిల్లను చీకట్లో కత్తి నుంచి కాపాడింది ఆ వేషం లోపలి కోళ్లవల తీగే. ఎవరో ఓపిగ్గా వంచి, గుడ్డ తొడిగి చేసిన వేషం. నేను టేపు చుట్టేటప్పుడల్లా ఆ తీగ గుర్తొస్తుంది.

లారీకి హెడ్‌లైట్లు పేపర్ ప్లేట్లు. చక్రాలకు నల్లరంగు. పెట్టె అడుగు మోకాళ్ల పైకి కోశాం, మెట్లెక్కాలి కదా. భుజాలకు పాత చున్నీతో పట్టీలు. ఇక్కడి అక్టోబరు చివర చలికి ఏ వేషమైనా కోటు కింద దాక్కోవలసిందే. అట్టపెట్టె మాత్రం కోటు మీదే ఎక్కుతుంది. పెట్టె వెనక ఒక తలుపు, తలుపు వెనక సంచి. ఇంటింటా ఇచ్చే మిఠాయి చెత్తలా లోపల పడాలి, అది లారీగారి ఆజ్ఞ. నా పిల్లల ముఖాలకు ముసుగు ఒప్పుకోను, కళ్ల చుట్టూ రంగు వేస్తే చాలు. దారి కనపడాలి. వెనకవైపు మెరిసే టేపు రెండు చారలు, కార్ల వెలుగుకు తళుక్కుమనేలా.

గోడకు నల్ల కాగితాలు. పాదానికి తెల్లరంగు పూసి అద్ది, తలకిందులు చేస్తే అది దయ్యం. మడమ తల, వేళ్లు తోక. మూడేళ్లుగా అద్దుతున్నాం, వెనక సంవత్సరం రాసి పెడుతున్నాను. మొదటి ఏటి చిన్నోడి దయ్యం నా చూపుడువేలు కన్నా కాస్త పొడుగు. ఈ ఏటిది పక్కన పెట్టి చూసి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

31 సాయంత్రం. 2007 నుంచి ఈ దేశం గడియారాన్ని నవంబరు మొదటి ఆదివారం దాకా వెనక్కి తిప్పదు, అందుకే పిల్లలకు ఆ పూట ఒక గంట వెలుతురు మిగిలింది. వీధిలో చిన్న చిన్న గుంపులు. ప్రతి గుమ్మం దగ్గరా "ట్రిక్ ఆర్ ట్రీట్". అమ్మకు దసరా గుర్తొచ్చింది. తన అన్నయ్యలు రంగు కాగితాలు చుట్టిన వెదురు విల్లులు పట్టుకుని, అయ్యవారి వెంట పాడుకుంటూ ఇంటింటికీ వెళ్లటం, బాణం వదిలితే పూలూ బుక్కాగుండా ఎగరటం, అరుగు మీద పప్పుబెల్లాల పళ్లెం. "అప్పుడు ఆడపిల్లల్ని పంపేవాళ్లు కాదు" అంది, ముందు నడుస్తున్న గుడ్లగూబను చూస్తూ. గుడ్లగూబ చేతిలో, తను రంగులు వేసిన పాలడబ్బా కూడా ఉంది. 1950లో ఫిలడెల్ఫియాలో ఆలిసన్ దంపతులు తమ పిల్లల చేత పాలడబ్బాలు అలంకరింపజేసి, హాలోవీన్‌నాడు చిల్లర పోగుచేయించి 17 డాలర్లు యునిసెఫ్‌కు పంపారు. ఆ మాట చెప్పినప్పటి నుంచి మా పెద్దదీ డబ్బా వదలటం లేదు.

నాలుగో వీధి మలుపులో ఒక ఇంటి ముందు రెండు నిలువుల అస్థిపంజరం. మనుషుల్ని చూడగానే కళ్లు ఎర్రగా వెలిగి, నోరు తెరిచి నవ్వుతుంది. కొన్నదే, కరెంటుతో నడిచేదే. లారీ ఆగిపోయింది. హెడ్‌లైట్లు వణికాయి. వెనక్కి వెనక్కి జరిగి అమ్మ చీర కుచ్చిళ్లకు తగిలింది. ఎత్తుకుందామని నేను వంగేలోపల, వాడు తల పైకెత్తి ఆ ఎముకల్ని కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత అడిగాడు:

"అమ్మమ్మా, దీనికి కూడా నువ్వే గంజి పెట్టావా?"

"పెట్టాను నాన్నా" అంది అమ్మ.

లారీ బయల్దేరింది. అస్థిపంజరం కాళ్ల మధ్య నుంచి నేరుగా గుమ్మం దాకా వెళ్లి, వెనక తలుపు తిప్పి నిలబడింది.

ఆ రాత్రి మిఠాయిలన్నీ కార్పెట్ మీద ఒంపారు. గుడ్లగూబ రెక్కలు విప్పనివ్వలేదు, అలాగే పడుకుంది. లారీని మంచం పక్కన పార్క్ చేశాం.

నవంబరు రెండో రోజు వాన పడింది. గుమ్మడికాయలు మెత్తబడి లోపలికి నవ్వుతున్నాయి, ఒకదాన్ని ఉడతలు అప్పటికే సగం తినేశాయి. గుమ్మంలో నిలబెట్టిన దయ్యాలు తడిసి, గంజి కరిగి, మామూలు గుడ్డలై మెట్ల మీద పడున్నాయి. అమ్మ వాటిని ఏరి, వేడినీళ్లలో ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి వంటింటి సొరుగులో పెట్టింది. చిన్నోడు దయ్యాలేవని అడిగాడు. సొరుగు తెరిచి చూపించింది. వాడు కాసేపు చూసి, పైగుడ్డ మీద రెండుసార్లు మెల్లగా తట్టి, చప్పుడు కాకుండా సొరుగు మూశాడు.