మిరపకోత ముఠా పనితనం

సంక్రాంతి దాటిందంటే పల్నాడు ఊళ్లలో తెల్లవారకముందే ఆటోల చప్పుడు మొదలవుతుంది. క్యారేజీలు పట్టుకుని ఆడవాళ్లు ఎక్కుతారు. చీర మీద మగవాళ్ల పాత ఫుల్ చొక్కా, తలకు తువ్వాలు, ముక్కూ మూతీ కప్పుతూ గుడ్డ. కళ్లు తప్ప ఏమీ కనపడవు. పని చేసేవాళ్ల బాగోగులంటే ఒంటి ఆరోగ్యం, మనసు నిబ్బరం, కూలి భద్రత, తోటివాళ్ల తోడు అని నిపుణులు విడదీసి చెబుతారు. మిరపకోత ముఠా వీటన్నిటినీ ఒకే పనిలో కలిపి నేసుకుంది. ఆ నేర్పుకు నేను చెయ్యెత్తి దండం పెడతాను.

ముందు చెయ్యి సంగతి. ఎడమచేత్తో కొమ్మను కణుపు దగ్గర పట్టుకుంటారు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తొడిమ మొదట్లో ఆనించి కాయను పైకెత్తినట్టు వంచుతారు. చిన్న చప్పుడుతో తొడిమతో సహా ఊడివస్తుంది. కిందికి లాగితే కొమ్మ చీలుతుంది, తర్వాతి కోతకు పూత పోతుంది. తొడిమ ఊడితే కళ్లంలో గింజ రాలుతుంది. చూపు ఒక కాయ ముందే ఉంటుంది: పండినదేదో, పచ్చిదేదో, తెల్లబడ్డ తాలుకాయేదో చెయ్యి చేరేలోపే తేలిపోతుంది. తేజ రకం లాంటి సన్నకాయ చేలో ఒక మనిషి రోజుకు ఇలా ఎన్ని వేలసార్లు వేళ్లు వంచాలో ఆలోచించండి.

కాయ ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఈ మాట ఎవరూ చెప్పకుండానే వాళ్లు చేలోకి దిగేముందు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. సాయంత్రం మళ్లీ నూనె పట్టించి, ఆ తర్వాతే సబ్బుతో కడుగుతారు. అప్పటికీ మంట పూర్తిగా పోదు. చంటిబిడ్డ తల్లి ఇంటికెళ్లగానే బిడ్డ ముఖం తాకదు. ఇంకో సంగతి ఉంది. ఒంట్లో వేడిని పసిగట్టే గ్రాహకమే మిరప ఘాటునూ పసిగడుతుందని 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే పల్నాడులోని రెంటచింతల ఎండా, మిరపకాయ మంటా ఒంట్లోకి వచ్చేది ఒకే తలుపులోంచి. మార్చి ఎండలో మిరపచేలో నిలబడ్డ మనిషికి ఆ రెండూ కలిసే తగులుతాయి. పొద్దున్నే పని మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఎక్కువ భాగం లాగెయ్యడం అందుకే.

ముఠాలో నాకు బాగా నచ్చేది సాళ్ల సర్దుబాటు. చేతిచురుకు ఉన్నవాళ్లు తమ సాలు ముగించి, వెనకబడ్డ మనిషి సాలుకు ఎదురొస్తారు. ఇద్దరూ మధ్యలో కలుస్తారు. పెద్దావిడకి, కొత్తగా వచ్చిన పిల్లకి సిగ్గుపడే అవసరం రాదు. పని గుత్తకు తీసుకున్నప్పుడు చాలా ముఠాలు డబ్బు సమానంగానే పంచుకుంటాయి. చెట్టు నీడన క్యారేజీలు విప్పితే ఒకరి గోంగూర ఇంకొకరి ముద్దలోకి వెళుతుంది. ఇంట్లో చెప్పుకోలేని కష్టం అక్కడ బయటపడుతుంది. సాయంత్రానికి మనిషి తేలికపడుతుంది.

అయితే వాళ్ల నేర్పు చేరలేని చోట్లున్నాయి. కర్నూలు వైపు నుంచి వలస వచ్చే కుటుంబాలు చేలగట్ల మీద గుడారాల్లో ఉంటాయి. వాళ్ల పిల్లల చదువు ఆ నెలల్లో ఆగిపోతుంది. చేలో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి దాహమేసినా చాలామంది ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగుతారు. ప్రయాణం మరీ ప్రమాదం. 2023 మే నెలలో దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర కూలీల ఆటోను లారీ ఢీకొట్టింది. నల్లగొండ జిల్లా నుంచి కోతకు బయలుదేరిన ఆడకూలీలు చేను చేరకుండానే చనిపోయారు.

మిరప వేసిన రైతులకూ, ముఠా మేస్త్రీలకూ నాదొక విన్నపం. రైతు కష్టం తెలిసే అడుగుతున్నాను. చేనిగట్టున ఒక పట్టా నీడ, చల్లటి నీళ్ల డ్రమ్ము, నాలుగు కర్రలకు గుడ్డ కట్టిన మరుగు ఏర్పాటు చెయ్యండి. ఆటోలో పట్టేంతమందినే ఎక్కించండి, మిగతావాళ్ల కోసం రెండోసారి పంపండి.