సున్నానికి లొంగని పసుపు

అమెరికా నుంచి వచ్చిన మేనకోడలు ఈ వారం మాకు తెచ్చిన వాటిలో బొటనవేలంత సీసా ఒకటి ఉంది. పసుపు నూనె. దువ్వూరు పసుపు పొలాల్లో ఆడుకుని పెరిగినవాడికి పసుపు నూనెను సముద్రాలు దాటించి తెచ్చివ్వడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకో పాత జబ్బు ఉంది. సీసాలో పోసి అమ్మేదేదీ నాకు ఒక పట్టాన మింగుడు పడదు. 

మా ఆవిడ నాకంటే అనుమానం మనిషి. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, తమలపాకుల పళ్లెంలోని సున్నం వేలికొసతో తీసి రుద్దింది. పసుపులో సున్నం పడితే ఎర్రబారాలి. పారాణి అయినా, హారతి నీళ్లయినా మనం కలిపేది అలాగే. సున్నం తెల్లగానే ఉండిపోయింది. చెయ్యి పచ్చబడనూ లేదు.

"పచ్చగా అంటలేదు, ఎర్రగా తిరగలేదు, ఇదేం పసుపు? పిల్లదాన్ని ఎవరో బాగా ముంచినారు," అని తీర్పు చెప్పేసింది.

నిజానికి ఆ పరీక్షలో నూనె నెగ్గింది. పసుపుకు రంగునిచ్చేది కర్క్యుమిన్. వోగెల్, పెల్లెటియే అనే ఇద్దరు 1815లోనే దాన్ని వేరుచేసి చూపారు. సున్నం తగిలితే ఎర్రబడేది అదే. అది ఆవిరితో పైకి లేచే సరుకు కాదు. నూనె తీసేదేమో ఆవిరితో. పసుపు పొడిలోకి కిందినుంచి ఆవిరి పంపితే, వాసననిచ్చే టర్మెరోన్ల లాంటివి దాని వెంట పోయి, గొట్టంలో చల్లబడి, నీళ్ల మీద లేత పసుపు నూనెగా తేలతాయి. రంగంతా అడుగున పిప్పిలోనే ఉండిపోతుంది. పసుపు నూనె చేతికి ముద్దగా పచ్చరంగు అంటిస్తే అప్పుడు అనుమానించాలి. మోసమంటూ ఉంటే అది సీసా మీది చీటీలో ఉంది. "కర్క్యుమిన్ పుష్కలం" అని అచ్చేశాడు మహానుభావుడు. రంగూ వాసనా రెండూ కావాలంటే ద్రావకంతో లాగిన ఓలియోరెసిన్ కొనుక్కోవాలి. అది వేరే సరుకు, దానికి కేరళ పెట్టింది పేరు.

ఇంత చెప్పాక మూత మళ్లీ తీసి వాసన చూశాను. చూడకుండా ఉండాల్సింది. కె.సి. కాలువ కింది మడికట్లు, మాఘమాసం చలి, తెల్లవారుజాము పొగ అన్నీ ఒక్కసారిగా ముక్కులోకి వచ్చాయి.

మా చిన్నప్పుడు పసుపు వండడమంటే పొలంలో జాతర. మైదుకూరు పేరుతోనే ఒక రకం ఉంది, తొమ్మిది నెలలు భూమిలో ఉండే పంట. తవ్వాక రెండు మూడు రోజుల్లో ఉడికించేయాలి. నేలలో గాడిపొయ్యి తవ్వి, ఇనప కొప్పెర పెట్టి, దుంపలు మునిగి పైన జానెడులో సగం నీళ్లు నిలిచేలా పోసి, పైన పసుపాకు పరిచి గోనెపట్టా కప్పేవాళ్లు. ముప్పావు గంటకో గంటకో తెల్లటి నురగ పొంగి, ఆకుల సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చేది. మా పెద్దమామ పొయ్యికి పది బారల అవతల మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉండేవాడు. లేచి చూసేవాడు కాదు. "వాసన తిరిగింది, మంట లాగండ్రా" అని అక్కడినుంచే అరిచేవాడు. కుర్రకారు నమ్మక ఒక దుంప బయటికి తీసి ఈనెపుల్ల గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగేది. ఇంకాస్త ఉంచితే రంగు చెడుతుంది. ముందే దించితే ఎండాక కొమ్ము పుటుక్కున విరిగి పొడి రాలుతుంది. ఆ తర్వాత పది పదిహేను రోజులు కళ్లంలో ఎండ. విరిస్తే లోహం మోగినట్టు మోగాలి. చివర డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టడం. నాలుగైదు బస్తాల పచ్చి దుంపకు ఒక బస్తా ఎండు సరుకు మిగిలితే మంచి పంట కిందే లెక్క.

ఆ వండే రోజుల్లో కర్నూలు రోడ్డున పోయే బస్సుల్లోవాళ్లకు కూడా దువ్వూరు వచ్చిందని కళ్లు మూసుకునే తెలిసేది. ఆ వాసన ముందు ఈ సీసా ఎంత అని రాసి ఈ కాలమ్ ముగిద్దామనే కూర్చున్నాను.

కానీ ఆ వాసన ఏమిటి? కొప్పెరలోంచి పారిపోతున్న నూనె. సీసాలోదీ అదే. అక్కడ గొట్టం పెట్టి పట్టుకున్నారు, మనం గోనెపట్టా కప్పి వదిలేశాం. అంతా పోదులెండి. దుంప తోలుతో ఉడుకుతుంది గనక, టర్మెరోన్లు బరువైనవి గనక చాలావరకు లోపలే ఉంటాయి. తేలికవి ముందు లేచిపోతాయి. మిగతాది ఎండలో కొంత, మరలో వేడికి కొంత, వంటింట్లో మూత సరిగా పడని డబ్బాలో కొంత. మా ఇంటి డబ్బాలోని పొడిని సీసా పక్కన పెట్టి వాసన చూశాను. పొడిలో రంగు తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు.

మార్కెట్ యార్డులోనూ అంతే. వ్యాపారి కొమ్ము పొడవు చూస్తాడు, గట్టిదనం చూస్తాడు, విరిచి లోపలి రంగు చూస్తాడు. వాసనకు రూపాయి కట్టినవాణ్ని నేను చూడలేదు. డబ్బంతా రంగుకే పెడితే, రంగు తెచ్చిపోసేవాళ్లు పుట్టుకొస్తారు. పసుపులో మెటానిల్ ఎల్లో, సీసపు క్రోమేటు కలిపే పాపం అక్కడినుంచి వచ్చిందే. పసుపును మనం పట్టించుకోలేదని కాదు. గాయానికి పసుపు అద్దడం మీద అమెరికా 1995లో ఇచ్చిన పేటెంటును సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. 2025 సంక్రాంతికి నిజామాబాదులో పసుపు బోర్డు కూడా వచ్చింది. సంతోషం. మరి వాసన సంగతి?

దువ్వూరులో ఒక ఆవిరి బట్టీ పెడితే ఏం పోయింది అనిపించింది. సీసాలంటే గిట్టని నేనే అంటున్నాను, నవ్వుకోండి. ఆకులోనూ నూనె ఉంటుంది, ఊరికే గట్టున పడి ఎండేదే కదా అని ఉత్సాహంగా, ఇప్పటికీ పసుపు పెడుతున్న బంధువుకు ఫోన్ చేశాను.

"ఆకు పచ్చిగా ఉండగానే కోస్తే దుంప ఏం తిని ఊరుతుంది మామా?" అన్నాడు. "ఎండినాక కోస్తే నీ నూనె ఎంతొస్తాది?"

సరే, విరిగిన కొమ్ములు, పొట్టివి ఇవ్వొచ్చు కదా, నూనెకు పొడవుతో పనేముంది అన్నాను. వాటిని పొడి మిల్లోళ్లు పట్టుకుపోతున్నారట.

"వాళ్లకంటే కిలోకు రెండు రూపాయలు ఎక్కువిస్తావా చెప్పు, బట్టీకి స్థలం మా కళ్లంలోనే ఇస్తా."

పొడి మిల్లు ధర ఎంతో కనుక్కోవడానికి రేపు పొద్దున్నే మైదుకూరు పోతున్నాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.