శశిరేఖ భుజాలు

మా బావతో నాకు దేంట్లోనూ పేచీ లేదు, సినిమాల్లో తప్ప. ఆయనకి ‘దాన వీర శూర కర్ణ’ ప్రాణం. 1977 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఎన్టీఆరే, దర్శకుడూ ఆయనే. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు బావకి కంఠతా. వినడం నాకూ ఇష్టమే, చూడడమే కష్టం. కళ్లు మూసుకు కూర్చున్నా పోయేదేం లేదనిపిస్తుంది. ఓ పండగ పూట భోజనాల దగ్గర ఈ మాట నోరు జారాను. ఆ పూట నా విస్తట్లో రెండో గారె పడలేదు.

పౌరాణికాల్లో నాకు నచ్చనివాటి చిట్టా ఇంకా ఉంది. ‘ఆదిపురుష్’కి 2023లో ఇంటిల్లిపాదీ వెళ్లాం. తెర నిండా గ్రాఫిక్కులు. వాటి మధ్య నటులు ఎవరి ఇంట్లో ఉన్నారో తెలియని చుట్టాల్లా నిలబడ్డారు. ఎటు చూడాలో, ఎంత భయపడాలో వాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంటికొచ్చి, నోరు కడుక్కున్నట్టుగా, ‘మాయాబజార్’ పెట్టుకున్నాను.

1957 నాటి సినిమా. విజయా వారి నిర్మాణం, కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి మాటలు, పాటలు, మార్కస్ బార్ట్‌లే కెమెరా. అందరూ మెచ్చుకునేది ఇందులోని ట్రిక్కుల్ని. అవన్నీ నాకూ నచ్చుతాయి. కానీ నేను రిమోట్ పట్టుకుని వెనక్కి తిప్పి తిప్పి చూసేది ట్రిక్కు ఏమాత్రం లేని చోటు.

ఘటోత్కచుడు నిద్రపోతున్న శశిరేఖని మంచంతో సహా ఎత్తుకుపోయి, తాను శశిరేఖ రూపంలో ద్వారకలో దిగుతాడు. అక్కడి నుంచి సావిత్రి వేస్తున్నది శశిరేఖ వేషం అనుకుంటాం. నిజానికి ఆమె వేస్తున్నది ఘటోత్కచుడైన ఎస్.వి.రంగారావు వేషం. రంగారావు శశిరేఖలా నటిస్తుంటే ఎలా ఉంటుందో అది వేస్తోంది. ఈ మడత మీద మడత ఆ రోజుల్లో జనానికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా సావిత్రి భుజాలు చెప్పేశాయి.

‘అహ నా పెళ్లియంట’ పాట చూడండి. సిగ్గుపడాల్సిన చోట సిగ్గుపడుతుంది, అయితే అర మాత్ర ఎక్కువగా. ఆడపిల్ల సిగ్గుని బయట నుంచి మాత్రమే చూసిన మగాడు పడే సిగ్గు అది. అంతలో ఒళ్లు మరిచిపోతుంది. భుజాలు విచ్చుకుంటాయి, అడుగు బారెడు పడుతుంది, కళ్లు ఉరుముతాయి. సుశీల గొంతులోకి ఘంటసాల గొంతు వచ్చి పడుతుంది. మళ్లీ గుర్తొచ్చి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడమే నాకు ముఖ్యం. అన్నీ ఒక్కసారి ముడుచుకోవు. చేతులు ముందు సర్దుకుంటాయి, మెడ వంగుతుంది, భుజాలు మాత్రం రాక్షసుడి మాట వింటూ కాస్త ఆలస్యంగా దిగుతాయి. ఒకటికి పదిసార్లు చూశాక గానీ నాకిది కనబడలేదు.

అప్పటికి ఆమెకి ఇరవై దాటి ఎన్నేళ్లో కాలేదు. పైగా ఈ సినిమాని తమిళంలోనూ తీశారు. అందులో అభిమన్యుడు నాగేశ్వరరావు కాదు, జెమినీ గణేశన్. ఈ పాత్రలో సావిత్రి అక్కడా ఉంది. అంటే ఈ పనంతా ఆమె రెండు భాషల్లో చేసింది.

పెళ్లి పీటల దగ్గరికి వచ్చేసరికి ట్రిక్కు వస్తుంది. రేలంగి వేసిన పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడి కాలి మీద పెళ్లికూతురు కాలు పెడుతుంది. ఒక్క క్షణం అది రాక్షసుడి పాదం. చాలా చిన్న షాటు. అంతసేపూ ఆ భుజాలు మనకి చెబుతూ వచ్చినదాన్నే ఆ పాదం ఖాయం చేస్తుంది. ముందు నటి నమ్మించింది, తరవాతే కెమెరా వచ్చింది. ‘ఆదిపురుష్’లో ఈ వరస తలకిందులైందని నా ఫిర్యాదు.

ప్రియదర్శిని పెట్టె సంగతీ అంతే. మూత తెరిస్తే చూసేవాళ్లకి అత్యంత ప్రియమైనది కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు. మనుషుల్ని పరిచయం చేయడానికి మామూలుగా నాలుగు సీన్లు కావాలి. కె.వి.రెడ్డి ఓ మూతతో కానిచ్చేశారు. ఇక కృష్ణుడు చూస్తే శకుని! ఎన్టీఆర్ మొహంలో ఉలికిపాటు ఉండదు, ఓ చిరునవ్వు ఉంటుంది. నవ్వులాటగా మొదలైన సీను అక్కడి నుంచి జూదం వైపు తిరుగుతుంది. మహాభారతంలోంచి కథ తీసుకుని పాండవుల్ని ఒక్కసారీ తెర మీదికి తేకుండా మూడు గంటలు నడిపిన మనిషికి ఇలాంటి పెట్టె దొరక్కపోతే ఎలా?

ఆయన రిహార్సల్స్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సీను ఎంతసేపో ముందే లెక్క కట్టేవారని, ఈ సినిమాకి ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు చెబుతుంటారు. ‘లాహిరి లాహిరి’లో ఆ లెక్క తెలుస్తుంది. ఒకే పడవ, ఒకే వెన్నెల, ఘంటసాల, లీల ఇద్దరే గొంతులు. జంటలు మాత్రం మూడు. అభిమన్యుడు, శశిరేఖ; కృష్ణుడు, రుక్మిణి; బలరాముడు, రేవతి. కుర్రజంట తొందర, నడివయసు చిలిపితనం, పెద్దవాళ్ల నిదానం అన్నీ ఒకే బాణీలో ఇమిడిపోయాయి. బార్ట్‌లే స్టూడియోలో పుట్టించిన ఆ వెన్నెల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను వదిలేస్తున్నాను. బలరాముడైన గుమ్మడి మొహం మీద పడ్డప్పుడు కూడా అది వెన్నెలలాగే ఉందని మాత్రం అంటాను.

అంతా బంగారమేనా అంటే, కాదు. లక్ష్మణకుమారుడి కోతి చేష్టలు కొన్నిచోట్ల సాగుతాయి. చివర్లో అందరూ ఒకచోట చేరాక చిక్కుముళ్లు మరీ చకచకా విడిపోతాయి. 2010లో రంగులద్ది విడుదల చేసినదైతే నాకు అసలు ఎక్కలేదు. ఎంతో శ్రద్ధగా చేశారు, ఒప్పుకుంటాను. కానీ బార్ట్‌లే వెలుగునీడల్లో దాచిపెట్టినవన్నీ రంగులు బయటికి లాగేశాయి. విందు సీనులో లడ్డూలు లేచి రంగారావు నోట్లోకి వెళ్తుంటే నా కళ్లు వాటి పసుపు రంగు దగ్గరే ఆగిపోయాయి. నలుపు తెలుపులో చూసినప్పుడు ఆ చూపు రంగారావు ఆకలి మీద ఉండేది.

మొన్న బావ ఇంటికొస్తే భుజాల సంగతి చెప్పాను. “నీదంతా చాదస్తం రా,” అన్నాడు. సరే చూడు బావా అని పాట పెట్టాను. అయిపోయింది. ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి, రిమోట్ కోసం చెయ్యి చాపాడు.

“ఆ ముడుచుకునే చోటు మళ్లీ పెట్టు.”