సాహిత్యంలో తుపాకీ: మూడు ప్రశ్నలు

ఒక సాయంత్రం నస్రుల్లాబాద్‌లో కొంతమంది విద్యార్థులతో తెలంగాణా రైతాంగ పోరాటాన్ని గురించి మాట్లాడుతున్నాను. నస్రుల్లాబాద్ బాన్సువాడ పక్కన వున్న మండల కేంద్రం. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా నిజామాబాద్ జిల్లాలోది, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ గూండాల కాల్పులకు బలికావటం, వడిసెలలూ కర్రలూ కారప్పొడీ పట్టుకున్న జనం చివరకు తుపాకీ పట్టవలసి రావటం వివరించాను. అంతా విన్న ఒక కుర్రవాడు లేచి, "సార్, సంఘపోళ్ల బందూకు మంచిదని చెప్తిరి. సినిమాల హీరో గూడ దుర్మార్గుల్నే కాలుస్తడు గదా. మరి ఫరకేంది?" అని అడిగాడు.

నేను ఏదో జవాబు చెప్పాను. వర్గ దృక్పథమన్నాను, సామూహిక చర్య అన్నాను. మాటలు సరైనవే; కాని కుర్రవాడికి తృప్తి కలగలేదు, నాకూ కలగలేదు. ఆలోచించిన కొద్దీ లోపం అతని ప్రశ్నలో లేదనీ, మన విమర్శలోనే వున్నదనీ తోచింది.

మన విమర్శ చాలాకాలంగా తుపాకీని ప్రతీకగానే చూస్తూ వచ్చింది. కథలో తుపాకీ కనిపిస్తే తిరుగుబాటుకు ప్రతీక అని రాస్తాం. పాటలో వినిపిస్తే ఉద్యమ చైతన్యం అంటాం. ప్రతీకకు ధర వుండదు, లైసెన్సు వుండదు, యజమాని వుండడు. అందుచేత పోరాటంలోని తుపాకీకీ సినిమాలోని పిస్తోలుకూ తేడా చెప్పటానికి మన దగ్గర ఆధారం మిగలలేదు. నిజానికి తుపాకీ మొట్టమొదట ఒక వస్తువు; వర్గసమాజంలో అది ఒక ఆస్తి. భూమి గురించి, నాగలి గురించి ఏం అడుగుతామో దాన్ని గురించీ అదే అడగాలి. ఇది ఎక్కడినుంచి వచ్చింది? ఎవరికి జవాబు చెబుతుంది? పని తీరాక ఎక్కడికి పోతుంది?

గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' చిత్రాన్ని (1980) ఈ ప్రశ్నలతో చూడండి. కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' దానికి ఆధారం. రామయ్య చేతికి తుపాకీ మొదట్లోనే రాదు. ముందు వెట్టి వుంది, గడీ వుంది, ఊరు విడిచి నగరానికి పోవటం వుంది, అక్కడ కార్మికుల మధ్య బతికి సంఘమంటే ఏమిటో తెలుసుకోవటం వుంది. ఇవన్నీ దాటాకనే ఆయుధం. చరిత్రలో జరిగిందీ అదే. దళాల చేతికి వచ్చిన తుపాకుల్లో దొరలనుంచి గుంజుకున్నవి ఎన్నో వున్నాయి. మందు కూరి పేల్చే భర్మార్లు వున్నాయి. అంటే రైతు చేతిలోని తుపాకీకి ఒక పాత యజమాని వున్నాడు. అది పంచుకున్న భూమిని నిలుపుకోవటానికి వచ్చింది. ఆ భూమిని పంచిన సంఘానికి జవాబు చెప్పవలసి వుంది.

వ్యాపార చిత్రంలో హీరో నడుముకు పిస్తోలు ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. అతనికి సంఘం లేదు. ఊరు అతని వెనుక నిలబడి చప్పట్లు కొడుతుంది. శత్రువు చచ్చాక కూడా పిస్తోలు అతని నడుముకే వుంటుంది. చెడ్డదొర పోయి మంచిదొర వస్తాడు, అంతే. ఆ రోజు కుర్రవాడికి నేను చెప్పవలసిన జవాబు ఇది.

అయితే మూడవ ప్రశ్న మన వైపు కూడా తిరుగుతుంది. మల్లు స్వరాజ్యం ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. ఆ పేరును చక్కని ఉపమానమని మెచ్చుకుంటాం. తుపాకీ మోసిన మనిషి చెప్పిన ఉపమానం కనుక దానికి బరువు వున్నది. దాన్ని ఏనాడూ ముట్టని కవి తన కలాన్ని తుపాకీ అన్నంత మాత్రాన ఆ బరువు రాదు. ఇక స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివితే, 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగాక ఆడవాళ్ల గతి ఏమయిందో వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది. ఆయుధం పట్టినప్పుడు సహచరులు. దించిన తర్వాత ఇంటికి పోయి సంసారం చూసుకోవలసినవాళ్లు. తుపాకీ సంఘానిదే కావచ్చు. కాని సంఘంలో నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న మనం వేయలేదు, ఆ స్త్రీలు వేశారు. 1980ల తర్వాత ఈ నిజామాబాద్, కామారెడ్డి పల్లెలు దళాల తుపాకీనీ పోలీసుల తుపాకీనీ రెంటినీ చూశాయి. రెంటి నడుమ నిలబడ్డ కూలివాని కథను మనం ఎంత శ్రద్ధగా చదివామో ఆత్మవిమర్శ చేసుకోక తప్పదు.

ఈ విషయంలో చట్టమే మనకంటే సూటిగా వర్గభాష మాట్లాడుతుంది. 1878 ఆయుధాల చట్టంతో ఆంగ్ల ప్రభుత్వం దేశాన్ని నిరాయుధం చేసింది. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం ఆయుధం ధరించే హక్కును పౌరహక్కుల్లో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కామత్ ఆ హక్కు కావాలంటే అంబేడ్కర్ ఒప్పుకోలేదు. అది రాజ్యాంగంలోకి ఎక్కలేదు. తర్వాత వచ్చిన 1959 చట్టం 13వ సెక్షన్ చూడండి. పంట కాపాడుకోవటానికి రైతు అడిగితే మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంటుంది. పాత భర్మారే! అది చాలదని అధికారికి తోస్తే తప్ప అంతకు మించినది లేదు. పిస్తోలో రివాల్వరో కావలసినవాడు తనకు తగిన కారణం వున్నదని అధికారిని ఒప్పించాలి. ఎవరి ప్రాణభయం అధికారికి నమ్మదగినదిగా కనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 'నిర్భీక్' అనే తేలిక రివాల్వరును స్త్రీల రక్షణకోసమని విడుదల చేసింది. అప్పటి ధర 1,22,000 రూపాయల పైచిలుకు. పొద్దుగూకాక నాట్లు ముగించుకొని ఇల్లు చేరే కూలి స్త్రీ ఆ రక్షణ లెక్కలో లేదు. 2019 సవరణ ఒక మనిషి వుంచుకోదగిన తుపాకులను మూడునుంచి రెండుకు తగ్గించి, వేడుకల్లో గాలిలోకి కాల్చటాన్ని నేరం చేసింది. లైసెన్సు తుపాకీలో రక్షణతో పాటు హోదా ప్రదర్శన కూడా వున్నదని శాసనమే అంగీకరించినట్లయింది.

కొందరు విద్యార్థి మిత్రులు ఇక్కడ ఒక ఆక్షేపణ తెస్తారు. కార్మికులు ఆయుధాలు వదులుకోరాదని 1850లో మార్క్స్ చెప్పాడు గదా, మరి ప్రతివాడికీ తుపాకీ హక్కు అడగవద్దా అంటారు. మార్క్స్ చెప్పినది తమ నాయకులను తామే ఎన్నుకున్న సంఘటిత కార్మిక దళాల గురించి. కోటు కింద దాచిన పిస్తోలు గురించి కాదు. దాచిన పిస్తోలు ఎవరి హక్కో అమెరికా చరిత్ర చెబుతుంది. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు బహిరంగంగా తుపాకులు పట్టి, తమ పేటల్లో పోలీసుల ఆగడాలను కనిపెట్టి తిరిగారు. ఆ ఏడే మల్ఫర్డ్ చట్టం వచ్చింది. గవర్నరు రీగన్ సంతకం పెట్టి దాన్ని ఆపించాడు. 2022లో అక్కడి సుప్రీంకోర్టు న్యూయార్కు రాష్ట్రపు పాత ఆంక్షను కొట్టివేసి, ఇంటి బయట పిస్తోలు వెంట వుంచుకోవటం వ్యక్తి హక్కు అన్నది. ఈ రెంటి నడుమ, 2017 ఫిబ్రవరిలో, కాన్సస్ రాష్ట్రపు ఓలేతా పట్టణంలో ఒక తెలుగు ఇంజనీరు జాతిద్వేషి తూటాకు ప్రాణం విడిచాడు. వ్యక్తి ఆస్తిగా వున్న తుపాకీ ఆ వ్యక్తి భయానికీ ద్వేషానికీ తప్ప మరెవరికీ జవాబు చెప్పదు.

మరి క్రీడ సంగతి? హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే పిస్తోలులో జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు సాధించింది. ఎయిర్ పిస్తోలు పోటీలో పది మీటర్ల దూరాన వున్న పది పాయింట్ల వృత్తం 11.5 మిల్లీమీటర్లు. శ్వాసను, చేతిని, మనసును అంత అదుపులో పెట్టటం గొప్ప సాధన. దీన్ని బూర్జువా వినోదమని కొట్టివేసే మిత్రులతో నేను ఏకీభవించను. ఈ పిస్తోలును ఎవరి మీదా గురిపెట్టరు. అది నియమావళికి జవాబు చెబుతుంది. పోటీ ముగిశాక పెట్టెలోకి పోతుంది. రెండు ప్రశ్నలకు సరైన జవాబే వున్నది. చిక్కు మొదటి ప్రశ్న దగ్గర. పోటీస్థాయి ఎయిర్ పిస్తోలు ధర లక్ష దాటుతుంది. నస్రుల్లాబాద్ కూలి పిల్లకు అది ఎక్కడినుంచి వస్తుంది?

రాదని అనటానికి వీల్లేదు. ఇదే నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన కూలివాళ్ల బిడ్డ మాలావత్ పూర్ణ, తాడ్వాయి గురుకులంలో చదువుతూ, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. ఎవరెస్టు ఎక్కటం పిస్తోలు కొనటంకంటే చవకైన పని కాదు. కూలివాడి సంపాదనతో ఏ నాటికీ తీరని ఆ ఖర్చును ప్రజల సొమ్ము భరించింది, అందుకే సాధ్యమయింది. సాధనం సమాజానిదైనచోట ప్రతిభ కూలి ఇంటినుంచి కూడా వస్తుంది.

కనుక రచయితలకు నా మనవి ఒకటే. తుపాకీని తిట్టమనీ అనటం లేదు, పొగడమనీ అనటం లేదు. దాని లెక్క చెప్పమంటున్నాను. అడవిపందులు మక్కచేను తొక్కితే, భర్మార్ లైసెన్సుకు కూడా తిరగలేని రైతు చేను చుట్టూ కరెంటు తీగ కడతాడు. ఆ తీగ తగిలి పొరుగు రైతే చచ్చిన వార్తలు తెలంగాణాలో తరచు చదువుతున్నాం. అదే మండలంలో ఒక పెద్దమనిషి నడుముకు లైసెన్సు రివాల్వరుతో పెళ్లికి రావచ్చు. ఈ ఇద్దరినీ ఒకే కథలో నిలబెట్టగలవాడు తుపాకీని ప్రతీక చేయనక్కరలేదు. ఆ కుర్రవాడు అడిగిన ఫరకు ఆ కథలో తానే కనిపిస్తుంది.