పండుగ సంచికల వ్యాసములు: పారితోషికము, పరిశీలనము

మన సాహిత్యమున ఋతువునకుఁ దగిన రచన నూతనము గాదు. ప్రబంధకవికి ఋతువర్ణనము విధియే. విధిగా వ్రాసినది గావున నది నిర్జీవమని యెవ్వరును జెప్పఁజాలరు. ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించిన కృష్ణదేవరాయలు మేఘములతోఁ దృప్తిపడక, తడిసిన కట్టెలతో నిప్పు రగిలింపలేక యవస్థపడు నింటివారిని గూడఁ జూచెను. వస్తువు నియతమైనను జూపు స్వతంత్రముగా నుండవచ్చునని యిందువలనఁ దేలుచున్నది. ఈ కొలతతో నేఁటి పండుగ సంచికల వ్యాసములను బరిశీలింతము.

పూర్వము గద్వాల, వనపర్తి, ఆత్మకూరు మొదలగు సంస్థానములు కవిపండితులను సన్మానించెడివి. ఏఁటేఁట ముట్టు సంభావనకు వార్షికమని పేరు. 1908లో బొంబాయిలోఁ గాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన ఆంధ్రపత్రిక 1910 నుండి యుగాది సంచికలను వెలువరించెను. తరువాత దీపావళి, సంక్రాంతి సంచికలు కూడఁ బత్రికలకు నాచారమయ్యెను. వార్షికము మనుష్యుని జూచి యిచ్చినది. పారితోషికము వ్యాసమును జూచి యిచ్చునది. కావున నుద్యోగములేని రచయిత వ్యాసముల సంఖ్యను బెంచక తప్పదు. పండుగకు ముందే, సంచిక కూర్చు వేళకు, వ్యాసము చేరవలయును; పండుగ దాఁటిన వెనుక దానిని గొనువాఁడు లేఁడు. ఈ తొందరలో నిరుటి వ్యాసమే యీయేఁటి వ్యాసమునకు మాతృక యగుచున్నది.

గోదావరి మధ్యడెల్టాలోని ఆత్రేయపురము పూతరేకులను గూర్చిన వ్యాసము లిందులకుఁ జక్కని నిదర్శనము. సంక్రాంతి వచ్చినదనఁగా నివి బయలుదేఱును. కాగితమువంటి పలుచఁదనము, నోట వేసికొనఁగనే కరఁగుట, నేయి, బెల్లము, 2023లో లభించిన భౌగోళిక గుర్తింపు, ఇంతటితో వ్యాసము ముగియును. ఈ తీపి మిగులఁ బ్రాచీనమని వ్రాయు లేఖినియే దీనికి జయ బియ్యమే తగునని కూడ వ్రాయును. జయ వరివంగడము 1968లో విడుదలైనది. అంతకుముందు రేకులు తీసినవారు వాడిన బియ్యమేది? ఆ యూరి వృద్ధురాలి నొకతెను మొదట నడుగవలసిన ప్రశ్న యిది. వ్యాసకర్త యడుగఁడు, ప్రాచీనత యను మాట మాత్రము విడువఁడు.

పని తీరును జూచినను నిట్లే యున్నది. బోర్లించిన కుండమీఁదఁ, బలుచని పిండిలో ముంచిన గుడ్డను బఱచి తీయఁగనే పొర యేర్పడును. క్రింద నెండు కొబ్బరాకుల మంట. మంట హెచ్చినను దగ్గినను రేకు చెడును. ఆ సెగ యెదుటఁ గూర్చుండి స్త్రీలు రేకులు తీసి లెక్కచొప్పున నమ్ముదురు. వ్యాసమున కింతయని పుచ్చుకొను రచయితయు, రేకుల లెక్కకుఁ బుచ్చుకొను స్త్రీయు నొక్కతీరు పనివారే. ఆమె దినమునకు నెన్ని తీయఁగలదు, చెడినవాని నష్ట మెవరిది, పండుగ లేని నెలలలో నామెకు జీవన మెట్లు అని యడుగుటకు నా రచయితకంటెఁ దగినవా రెవరు? తన కష్టము తెలిసియు నామె కష్టము నడుగకుండుట యీ వ్యాసములలోని పెద్దలోపము.

“ఇచ్చు రొక్కము దారిబత్తెమునకైనఁ జాలదు; పరిశీలన మెక్కడిది?” అని రచయితలందురు. ఆ మాట న్యాయమే. సంపాదకులు కొన్ని నెలల ముందుగా వ్యాసము గోరి, ప్రయాణపు ఖర్చును వేఱుగా నిచ్చుట ధర్మము. రచయిత కూడ నొక యుపాయ మెఱుఁగవలయును. ఒక్కమాఱు పోయి నాలుగుదినము లుండి చూచినవాఁడు నాలుగు వ్యాసములకు సరకు దెచ్చుకొనును. వరికోఁతల వేళ బియ్యమును గూర్చియు, వేసవిలోఁ గుండలను గూర్చియు, కాలువలకు నీరు విడుచునప్పుడు 1852లోఁ బూర్తియైన ధవళేశ్వరపు టానకట్ట తెచ్చిన సాగును గూర్చియు, పండుగకుఁ బూతరేకులను గూర్చియు వ్రాయవచ్చును. అట్లు సంపాదనయుఁ బెరుఁగును, సత్యమును నిలుచును.

వచ్చు సంక్రాంతికి ఆత్రేయపురమును గూర్చి వ్రాయఁదలఁచినవారు మొదట నా బియ్యపు సంగతి తేల్చి వ్రాసినచోఁ, బాఠకులతోఁ బాటు పరిశోధకులకును మేలు చేసినవా రగుదురు.